బయ్యన్న చెయ్యి, రాయలవారి బొటనవేలు

కర్ణగిరి అని ఒకానొక రాజ్యం. దాన్ని ఉద్దండరాయలనే రాజు ఏలుతుండేవాడు. మనిషి చెడ్డవాడు కాడు. కాకపోతే తన మంచితనమంటే తనకే మహా ముచ్చట. ఒక మంచి పనికి ఆజ్ఞ ఇచ్చి, ఇచ్చినందుకు మురిసిపోతూ, ఆ పని జరిగిందో లేదో కనుక్కోవడం మరిచిపోయే రకం.

ఆయన ఇచ్చిన ఆజ్ఞల్లోకెల్లా గొప్పది క్షతవృత్తి. రాజుగారి పనిలో కాలో చెయ్యో శాశ్వతంగా పోగొట్టుకున్నవాడికి కొంత భూమి, బతికినన్నాళ్ళూ కోట గాదెల నుంచి ధాన్యం. ఆ మాట రాతి మీద చెక్కించి కోటగుమ్మం పక్కన నిలబెట్టించాడు. పొరుగు రాజుల దూతలెవరు వచ్చినా ముందు ఆ రాయి దగ్గరికే నడిపించేవాడు.

"ఇంతవరకు ఎందరికి ఇచ్చారు ప్రభూ?" అని దూతలు అడిగేవారు.

"ఒక్కరికీ ఇవ్వలేదు!" అనేవాడు రాయలు ఛాతీ విరుచుకుని. "ఇవ్వవలసిన అవసరమే రాలేదు. మా పనివాళ్ళు అంత క్షేమంగా ఉన్నారు."

ఆ మాట విన్నప్పుడల్లా పక్కనున్న కొండుభట్టు నవ్వు రాకుండా పళ్ళు బిగించుకునేవాడు. కొండుభట్టు కొలువులో హాస్యగాడు. రాజుగారితో చదరంగం ఆడటం, ఆయన విసుగ్గా ఉన్నప్పుడు నవ్వించడం, ఆయన గొప్పలు చెప్పుకుంటున్నప్పుడు నవ్వకుండా ఉండటం ఈయన ఉద్యోగం. మూడింటిలోనూ చివరిదే కష్టమని ఇంట్లో భార్యతో చెప్పుకునేవాడు.

క్షతవృత్తి ఎవరికీ దక్కకపోవడానికి కారణం పనివాళ్ళ క్షేమం కాదు. సోమయాజి.

వాచస్పతి సోమయాజి కర్ణగిరికి ధర్మాధికారి. దెబ్బ తగిలినవాళ్ళ విన్నపాలు విని, ఎవరికెంత ఇవ్వాలో తేల్చేది ఆయనే. ధర్మచావడిలో పులితోలు మీద కూర్చుని, భుజాన జరీశాలువా సర్దుకుంటూ, తర్కమూ వేదాంతమూ కలగలిపి తీర్పులు చెప్పేవాడు. లంచం ముట్టేవాడు కాడు. ఒకరి సొమ్ము ఒక గింజ తినేవాడు కాడు. రాజుగారి గాదె నుంచి ఒక గింజ బయటికి పోనివ్వకపోవడమే తన పాండిత్యమని నమ్మేవాడు. రాయలు ఏటా పిలిచి మెచ్చుకుంటుంటే ఆ నమ్మకం మరింత గట్టిపడింది.

ఆ రోజుల్లో కోట ముందర కొత్త గోపురం కడుతున్నారు. బయ్యన్న అనే రాతిపనివాడు అక్కడ పనిచేస్తుండేవాడు. ఒకనాడు దూలపురాయి పైకి లాగుతుంటే మోకు తెగింది. రాయి వచ్చి బయ్యన్న కుడిచేతి మీద పడింది. వైద్యులు ఏమీ చేయలేక మణికట్టు దగ్గర చెయ్యి తీసేశారు.

గాయం మానాక ఒకరోజు ఉదయం బయ్యన్న భార్య పోలమ్మ వీధిలో కొండుభట్టుకి ఎదురుపడింది. తల మీద సున్నపు తట్ట ఉంది. చెయ్యి పోయినప్పటి నుంచి భర్తకు బదులు ఆమే గోపురం దగ్గర కూలికి వెళ్తోంది.

"రాజుగారిని నవ్వించే అయ్యగారు మీరేనా?"

"నేనేనమ్మా."

"మా యింటికి కూడా ఒకసారి రండి. మా ఆయన రాయి పడ్డనాటి నుంచీ పలకడం మానేశాడు. ఎడంచేత్తో ఉలి పట్టుకుంటాడు, సుత్తి పట్టుకోవడానికి చూసుకుంటాడు, చెయ్యి ఉండదు. ఉలి కింద పెట్టేసి గోడవైపు తిరుగుతాడు. మీరు నవ్విస్తారేమో చూద్దాం."

ఆ మాటలో వెటకారం ఉంది. కొండుభట్టుకి తగలవలసిన చోటే తగిలింది.

"క్షతవృత్తికి అడిగారా?" అన్నాడు.

"అదేంటో మాకేం తెలుసు?"

కొండుభట్టు కోటగుమ్మం పక్కనున్న రాయిని తలుచుకున్నాడు. దూతలందరికీ చూపించిన ఆ రాయి గురించి, దాని పక్క నుంచే రోజూ సున్నం మోసుకుపోతున్న మనిషికి ఒక్కరూ చెప్పలేదు.

"నేను తీసుకెళ్తాను" అన్నాడు. ఒక పూటలో తేలిపోయే పని అనుకున్నాడు పాపం.

మర్నాడు బయ్యన్నను వెంటబెట్టుకుని ధర్మచావడికి వెళ్ళాడు. బయ్యన్న గుమ్మంలో నిలబడి, ఉన్న ఒక్క చెయ్యీ నుదుటికి తాకించి దండం పెట్టాడు.

సోమయాజి కనుబొమలు ముడిపడ్డాయి. "ఒంటిచేత్తో దండమా! ధర్మాధికారి అంటే అంత చులకనా?"

"అయ్యా, రెండో చెయ్యి లేదు. అందుకే వచ్చాడు" అన్నాడు కొండుభట్టు.

"అది విచారణలో తేలవలసిన సంగతి. ముందే ఎలా అంటావు? సరే, దెబ్బ రాజుగారి పనిలోనే తగిలిందనడానికి సాక్ష్యమేమిటి?"

"గోపురం దగ్గర ఆ రాయి ఇంకా అలాగే ఉంది. దాని మీద నెత్తుటి మరక కూడా పోలేదు."

"నెత్తురు రాతి మీద ఉంటే రాతికి దెబ్బ తగిలిందని అర్థం. మనిషికి తగిలిందని ఎలా?"

జీవితంలో ఎన్నో మాటలకు బదులు చెప్పిన కొండుభట్టుకి ఆ మాటకు బదులు దొరకలేదు. దొరకకపోవడానికి కారణం అందులో తెలివి ఉండటం కాదు, పట్టుకోవడానికి ఏమీ లేకపోవడం.

వెళ్ళి తోటి పనివాళ్ళను తీసుకొచ్చాడు. వాళ్ళు చూసింది చూసినట్టు చెప్పారు. సోమయాజి అంతా విని శాలువా సర్దుకున్నాడు.

"ప్రభువులు శాశ్వతంగా పోగొట్టుకుంటే అన్నారు. శాశ్వతం! ఎంత లోతైన పదం! ఓయీ కొండుభట్టూ, దేహమే అశాశ్వతం కదా. అశాశ్వతమైన దేహంలో నష్టం మాత్రం శాశ్వతం ఎలా అవుతుంది?"

"అయ్యా, తెగిన చెయ్యి మళ్ళీ మొలవదు కదా!"

"మొలవదని నువ్వెలా చెప్పగలవు? వచ్చే అమావాస్యకి రమ్మను. చూసి చెప్తాను."

అమావాస్యకి వెళ్ళారు. సోమయాజి బయ్యన్న మొండి మణికట్టును అటూ ఇటూ తిప్పి చూసి, "ఇంకా మొలవలేదు" అని ఒప్పుకున్నాడు. "పై అమావాస్యకి రండి."

అదీ అయింది. అప్పుడు మొలవలేదన్న సంగతి పక్కనపెట్టి, ఎంత పోయిందన్న లెక్క ఎత్తుకున్నాడు. కళ్ళు, చెవులు, కాళ్ళు, గుండె, నాలుక, వీటన్నిటి మధ్య చెయ్యి వీసం వంతు మాత్రమే అట. అసలైనది ఆత్మ, దానికి దెబ్బే తగల్లేదు. ఆ వీసం వంతైనా ఇవ్వాలంటే వీడు మరే పనీ చేయలేడని రుజువు కావాలి. తోటలో కాకుల్ని తోలడానికి ఒక చెయ్యి చాలదా?

బయ్యన్న తోటకు పోయాడు. ఒంటిచేతివాడు తమకు అక్కర్లేదని తోటమాలి తరిమేశాడు. ఆ మాటే వచ్చి చెబితే సోమయాజి, "తోటమాలి నిన్ను పనికిరావన్నాడు. నేను పనికొస్తావంటున్నాను. ఇద్దరిలో శాస్త్రం చదివినవాడెవడు?" అని అడిగాడు.

చావడి మెట్లు దిగుతుంటే బయ్యన్న చాన్నాళ్ళకి నోరు విప్పాడు.

"ఇక చాలు సామీ. ఆయన మాటలు వింటుంటే అసలు నాకు చెయ్యి పోయిందా, పోలేదా అని నాకే అనుమానమొస్తోంది."

కొండుభట్టుకి ఒళ్ళు మండిపోయింది. తిన్నగా కోటలోకి పోయి రాజుగారి ముందు నిలబడి జరిగిందంతా చెప్పాడు. రాయలు చదరంగం బల్ల మీద నుంచి తల ఎత్తలేదు.

"సోమయాజి చూస్తున్నాడుగా?"

"చూస్తూనే ఉన్నాడు ప్రభూ. అదే బాధ."

"నిజంగా దెబ్బ తగిలి ఉంటే ఇచ్చేవాడే. ఇవ్వలేదంటే తగల్లేదన్నమాట. నీ ఏనుగు పోయింది, చూసుకో."

ఆ పూట కొండుభట్టు మూడు ఆటలూ ఓడిపోయాడు. రాయలు అది తన ప్రతాపమనుకున్నాడు.

ఇలా ఉండగా గోపురం పని పూర్తికావచ్చింది. గుమ్మం మీద రాజుగారి పేరు చెక్కుతున్నారు. చివరి అక్షరం తన చేత్తో తానే చెక్కుతానన్నాడు రాయలు. శిల్పులు వద్దన్నట్టు చూశారు కానీ వద్దనలేదు. మంచి ముహూర్తం చూసి, మేళతాళాల మధ్య, పట్టణమంతా చూస్తుండగా రాయలు ఎడమచేత్తో ఉలి పట్టాడు. కుడిచేత్తో సుత్తి ఎత్తాడు. కొట్టాడు.

ఉలి మీద కాదు.

రాయలవారి కళ్ళ వెంట నీళ్ళు జలజలా రాలాయి. పళ్ళు బిగించి, ఎడమచెయ్యి ఉత్తరీయం కింద దాచుకుని, నవ్వు తెచ్చుకుని, "శుభం!" అన్నాడు. ప్రభువులకు ఆనందబాష్పాలు వచ్చాయనుకుని జనం జేజేలు కొట్టారు. పక్కనే నిలబడ్డ కొండుభట్టు ఒక్కడే ఉత్తరీయం కింద ఎర్రగా తడవడం చూశాడు.

అంతఃపురంలోకి పోయి తలుపు వేసుకున్నాక రాయలు "అమ్మో!" అని పెట్టిన కేక రాజవైద్యుడూ కొండుభట్టూ తప్ప ఎవరూ వినలేదు. ఎడమచేతి బొటనవేలి ఎముక విరిగింది. గోరు నల్లగా కమిలిపోయింది. వైద్యుడు ఆకుపసరు పోసి కట్టు కట్టాడు.

"ఉద్దండరాయలు తన వేలు తానే కొట్టుకున్నాడని తెలిస్తే పొరుగు రాజులు పడీపడీ నవ్వుతారు" అన్నాడు రాయలు మూలుగుతూ. "ఆ వేలు ఎవరిదో మీ నోటి వెంట రాకూడదు. ప్రమాణం చెయ్యండి."

ఇద్దరూ ప్రమాణం చేశారు. మర్నాటి నుంచి ప్రభువులు ఏదో వ్రతంలో ఉన్నారనీ, అందుకే ఎడమచెయ్యి పట్టుబట్టలో చుట్టుకున్నారనీ కోటలో చెప్పుకున్నారు.

అక్కడి నుంచి కొండుభట్టు పాట్లు చెప్పతరం కాదు. రాజుగారికి పంచె కచ్చ పోయాలంటే కొండుభట్టు. తమలపాకు ఈనె తీయాలంటే కొండుభట్టు. కళ్ళెం పట్టలేక స్వారీ మానేశాడు, విల్లు పట్టలేక వేట మానేశాడు. ఆ చిరాకంతా కొండుభట్టు మీదే.

"ఒక్క వేలయ్యా! ఒక్క బొటనవేలు! అదీ ఎడమది! అది లేకపోతే మనిషి ఇంత చేతకానివాడు అయిపోతాడని ఎవరైనా చెప్పారా?" అన్నాడొకనాడు రాయలు, కిరీటం సరిగా పెట్టుకోలేక విసిరికొట్టి.

కిరీటం దొర్లుకుంటూ పోతుంటే దాని వెనక పరుగెత్తిన కొండుభట్టు అక్కడే ఆగిపోయాడు. వంగి దాన్ని తీసుకుని, రాజుగారి తల మీద సర్ది పెట్టాడు.

"ప్రభూ, సోమయాజిగారికి బిరుదు ఇద్దామనుకున్నారు కదా. ఎప్పుడు?" అన్నాడు.

"వచ్చే కొలువులోనే. క్షతరక్షక అని. ఎందుకు?"

"ఊరికే బిరుదు చేతిలో పెడితే ఏం బాగుంటుంది? ఆయన ధర్మం ఎంత సూక్ష్మంగా తేలుస్తారో నిండుకొలువులో అందరూ చూడాలి. ఒక విన్నపం ఆయన ముందు పెట్టి తీర్పు చెప్పిద్దాం."

రాయలకు తన కొలువులో ఎవరి గొప్ప ప్రదర్శించినా అది తన గొప్పే. సరేనన్నాడు.

బిరుదిచ్చే రోజు కొలువు కిటకిటలాడింది. సోమయాజి కొత్త శాలువా కప్పుకుని వచ్చాడు. కొండుభట్టు బయ్యన్నను, పోలమ్మను తీసుకొచ్చి వెనక స్తంభం పక్కన నిలబెట్టాడు. ఏం జరుగుతుందో వాళ్ళకు చెప్పలేదు. చెప్పడానికి ఆయనకే ధైర్యం చాల్లేదు. తప్పితే తల పోతుంది.

"మహారాజా, విన్నపం నేను చెప్తాను" అన్నాడు ముందుకొచ్చి. "దెబ్బ తగిలిన మనిషి పేరు మాత్రం తీర్పు అయ్యాక చెప్తాను. ముందే చెబితే జాలో భయమో ధర్మానికి అడ్డొస్తుంది."

"యుక్తం!" అన్నాడు సోమయాజి. "నా దగ్గర రాజూ పేదా ఒకటే. ఈనాటి తీర్పే ఇకమీదట అందరికీ ప్రమాణమని ప్రభువులు సెలవియ్యాలి."

"ఇచ్చాం" అన్నాడు రాయలు దర్జాగా.

కొండుభట్టు గొంతు సవరించుకున్నాడు. "ఈ మనిషి గోపురం దగ్గర సుత్తి పట్టాడు. సుత్తి జారి ఎడమచేతి బొటనవేలు చితికింది. ఎముక విరిగింది."

సింహాసనం మీద రాయలు ఒక్కసారి కదిలాడు. పట్టుబట్టలో ఉన్న చెయ్యి ఇంకా లోపలికి పోయింది. కొండుభట్టు అటు చూడలేదు.

సోమయాజి నవ్వాడు. "ఎడమచెయ్యా! అన్నం తినే చెయ్యి కూడా కాదన్నమాట. అందులో ఒక్క వేలు. ఇంతోటిదానికి విన్నపమా?"

కొలువంతా నవ్వింది. రాయలు నవ్వలేదు.

"సుత్తి పట్టడం వాడి వృత్తేనా?"

"కాదండీ. ఆ పని ఎన్నడూ చేయలేదు."

"మరి ఎవరు పట్టమన్నారు?"

"ఎవరూ పట్టమనలేదు. శిల్పులు వద్దన్నట్టే చూశారు. నలుగురూ చూసి మెచ్చుకోవాలని తనంతట తానే పట్టాడు."

"మూర్ఖుడు!" అన్నాడు సోమయాజి. "పని తెలియదు, ప్రగల్భం మాత్రం ఉంది. తన వేలు తానే కొట్టుకుని రాజుగారి గాదె మీద పడదామనుకున్నాడు."

రాయలకు దగ్గు వచ్చింది. చాలాసేపు దగ్గాడు.

"దెబ్బ వల్ల వాడికి వచ్చిన కష్టమేమిటి?"

"పంచె తనంతట తాను కట్టుకోలేడండీ. ఒకరు కట్టాలి. తమలపాకు ఈనె కూడా ఒకరు తీసిపెట్టాలి. ఏకాంతంలో నొప్పికి మూలుగుతాడు."

"ఏకాంతంలోనా? నలుగురిలో?"

"నలుగురిలో నవ్వుతాడు."

"దొరికాడు!" సోమయాజి తొడ చరిచాడు. "నలుగురిలో నవ్వేవాడికి నొప్పి ఎక్కడిది? ఏకాంతంలో మూలుగు వట్టి నటన. ఇప్పుడేం పని చేస్తున్నాడు?"

"కూర్చుంటున్నాడండీ."

"దెబ్బకు ముందు?"

కొండుభట్టు కాసేపు ఆలోచించాడు. "నిజం చెప్పాలంటే, దెబ్బకు ముందు కూడా ఎక్కువగా కూర్చునే ఉండేవాడు."

కొలువు మళ్ళీ గొల్లుమంది. రాయలవారి ముఖం దానిమ్మపువ్వు రంగుకి తిరిగింది. నోరు తెరవబోయి, ఏం చెప్పినా రహస్యం బయటపడుతుందని తోచి, మళ్ళీ బిగించుకున్నాడు. ఆ పళ్ళ బిగింపు కొండుభట్టుకి బాగా తెలిసినదే. ఇన్నాళ్ళూ తను పడ్డదే.

సోమయాజి లేచి నిలబడ్డాడు. గొంతు కొలువు చివరి దాకా వినపడేలా పెంచాడు.

"ప్రభూ, తీర్పు వినండి. వీడు స్వతహాగా సోమరి. మూర్ఖత్వం వల్ల దెబ్బ తగిలించుకున్నాడు. వేలు దేహంలో వీసానికి వీసం కూడా కాదు. ప్రతి అమావాస్యకీ ధర్మచావడికి వచ్చి, ఎండలో నిలబడి, వేలు చూపించి వెళ్ళాలి. ఇక నొప్పి నిజమా అబద్ధమా అంటారా? అది తేల్చడం సులభం. ఒక సుత్తి తెప్పించి అదే వేలి మీద మెల్లగా ఒక్క దెబ్బ..."

"కొట్టడమా!" రాయలు సింహాసనం మీద నుంచి దిగ్గున లేచాడు. "దెబ్బ తగిలిన వేలి మీద మళ్ళీ కొట్టడమా! సోమయాజీ, నీకు మతి ఉందా? అసలది మూర్ఖత్వం ఎలా అవుతుంది? ముహూర్తమని సుత్తి పిడికి ఎవడో నూనె పూశాడు! జారింది! ఎవడి చేతిలోనైనా జారుతుంది!"

కొలువంతా రాయలవైపు తిరిగింది.

"ప్రభూ," అన్నాడు కొండుభట్టు చేతులు కట్టుకుని, "పిడికి నూనె పూశారని నేను చెప్పలేదే?"

రాయలు అలాగే నిలబడిపోయాడు. లేచిన విసురుకి పట్టుబట్ట జారి కింద పడింది. కట్టుతో లావుగా ఉన్న బొటనవేలు నిండుకొలువంతటికీ కనిపించింది.

"నువ్వు ప్రమాణం చేశావు" అన్నాడు రాయలు నెమ్మదిగా.

"చేశాను ప్రభూ. తప్పలేదు. ఆ వేలు ఎవరిదో నా నోటి వెంట రాలేదు."

సోమయాజి రెండు చేతులూ జోడించి ముందుకు ఉరికాడు. "ప్రభూ! అపచారం! మహారాజుల బొటనవేలు సామాన్యమైనదా? రాజ్యభారమంతా దాని మీదే ఉంది! అది వీసం కాదు, సగం దేహం! ముప్పాతిక! ఆ నొప్పి పరమ శాశ్వతం!"

"ఇందాక వీసానికి వీసం కూడా కాదన్నావే. ఇంతలో ముప్పాతిక అయిందా?" అన్నాడు రాయలు. గొంతులో కోపం ఉంది. కానీ అది కొండుభట్టు మీదకి రాలేదు. కాసేపు తన వేలి వంకే చూసుకున్నాడు. ఇన్నాళ్ళూ పంచె కట్టుకోలేకపోవడం, కిరీటం విసిరికొట్టడం గుర్తొచ్చాయో ఏమో.

"ఆ రాతిపనివాడు... నువ్వు మాతో చెప్పినవాడు. వాడికి ఏం పోయిందన్నావు?"

"కుడిచెయ్యి ప్రభూ. మణికట్టు దాకా."

"మొత్తం చెయ్యా?"

"మొత్తం."

రాయలు సింహాసనంలో కూలబడ్డాడు. "పిలువు" అన్నాడు.

బయ్యన్న స్తంభం పక్క నుంచి వచ్చి, ఒక్క చేత్తోనే దండం పెట్టాడు. రాయలు ఆ మొండి చేతిని చూశాడు. చూపు తిప్పుకోవాలనిపించినా తిప్పుకోలేదు.

"నొప్పి ఉందా?"

"చెయ్యి ఉన్నచోట లేదు ప్రభూ. చెయ్యి లేనిచోట ఉంటుంది. ఒక్కోసారి పోయిన వేళ్ళు దురద పెడతాయి. గోకుదామంటే ఏమీ ఉండదు."

కొలువులో ఎవరూ నవ్వలేదు. రాయలు కొండుభట్టు వంక చూశాడు. ఇలాంటప్పుడు మాట అందించడమే కొండుభట్టు ఉద్యోగం.

"ప్రభూ, ఒక చిన్న చిక్కు వచ్చింది" అన్నాడాయన తల గోక్కుంటూ. "ఈ తీర్పు అందరికీ ప్రమాణమని తమరే సెలవిచ్చారు. కాబట్టి వచ్చే అమావాస్యకి తమరు ధర్మచావడికి రావాలి. ఎండలో నిలబడి సోమయాజిగారికి వేలు చూపించాలి. గొడుగు పట్టవచ్చో లేదో ఆయన్నే అడగాలి."

రాయలు ఒక క్షణం ఆయన్ని తేరిపార చూశాడు. పెదవి అదిరింది. తరవాత పొట్ట కదిలింది. తరవాత సింహాసనమే కదిలేలా నవ్వాడు. ఆ నవ్వుకి వేలు సింహాసనపు చేతికి తగిలి "అబ్బా!" అని, మళ్ళీ నవ్వాడు. అప్పుడు కొలువంతా నవ్వింది. కొండుభట్టు మాత్రం పక్కనున్న స్తంభాన్ని పట్టుకున్నాడు.

"సోమయాజీ," అన్నాడు రాయలు కళ్ళు తుడుచుకుంటూ, "నీకు బిరుదు లేదు. చావడిలో ఇన్నేళ్ళుగా తిప్పి పంపినవాళ్ళందరినీ పిలిచి మళ్ళీ వినాలి. అందరి సంగతీ తేలేదాకా నీ కుడిచెయ్యి నీ నడుముకి కట్టేసి ఉంటుంది."

"ప్రభూ! ఆచమనం ఎలా? సంధ్య ఎలా వార్చను? భోజనం..."

"వీసం వంతేగా పోయింది. మిగతా దేహంతో కానివ్వు."

తరవాత ఆ చావడిలో విచారణలు ఎంత వేగంగా సాగాయో కర్ణగిరి జనం చాన్నాళ్ళు చెప్పుకున్నారు. కాలు పోయినవాడు గుమ్మం ఎక్కకముందే, "కనపడుతోంది, కనపడుతోంది! ఇచ్చాను! తరవాతివాడు!" అని సోమయాజి లోపలి నుంచి కేకలు పెట్టేవాడట.

అది తరవాతి సంగతి. ఆనాడు కొలువులో రాయలు కొండుభట్టుని దగ్గరికి పిలిచాడు.

"మా పరువు తీసి మా కళ్ళు తెరిపించావు. ఏం కావాలో కోరుకో."

"బయ్యన్నకు క్షతవృత్తి ఇప్పించండి ప్రభూ."

"అది నీకిచ్చే బహుమానం ఎలా అవుతుంది? అది వాడికి మేం పడ్డ బాకీ. ఈ పూటే భూమి చూపిస్తారు, ధాన్యం ఇంటికి పంపిస్తారు. నీకు వేరే." రాయలు మెడలోని ముత్యాలహారం తీయబోయాడు. ఒంటిచేత్తో కొక్కెం రాలేదు. చివరికి కొండుభట్టే తీసి, తన మెడలో తానే వేసుకోవలసి వచ్చింది. అది చూసి రాయలు మళ్ళీ నవ్వాడు.

"ఇంకొకటి," అన్నాడు. "ఇకమీదట చావడిలో నువ్వూ కూర్చో. తీర్పులు చెప్పనక్కర్లేదు. సోమయాజి వేదాంతం ఎత్తుకున్నప్పుడు ఆపు."

"ఇది బహుమానమా, శిక్షా ప్రభూ?" అన్నాడు కొండుభట్టు దీనంగా.

సాయంత్రం ధాన్యం బండి వెనకే కొండుభట్టు బయ్యన్న ఇంటికి నడిచాడు. వీధి వీధంతా బయటికొచ్చి చూసింది. బండి ఆగింది. బస్తాలు దించారు. బయ్యన్న ఎడమచెయ్యి ఒక బస్తా మీద ఆనించి నిలబడ్డాడు.

పోలమ్మ చెంబుతో మజ్జిగ తెచ్చి కొండుభట్టుకి ఇచ్చింది. ఆమె దండాలు పెట్టి, దీవించి, కన్నీళ్ళు పెట్టుకుంటుందనీ, తను నాలుగు మాటలతో నవ్విద్దామనీ ఆయన దారంతా అనుకుంటూ వచ్చాడు. ఆమె అలా ఏమీ చేయలేదు. ధాన్యం వంక ఒకసారి చూసింది, ఆయన మెడలో హారం వంక ఒకసారి చూసింది.

"అయ్యగారూ, ఒకటి అడుగుతాను. కోపగించుకోకండి. రాయి మా ఆయన మీద పడింది. ఊరంతా చూసింది. ఆ సంగతి రాజుగారికి తెలియడానికి రాజుగారి వేలు చితకాల్సొచ్చిందా?"

కొండుభట్టు చెంబు నోటి దాకా ఎత్తి ఆగాడు.

"అవునమ్మా," అన్నాడు చివరికి. "అలాగే జరిగింది."

పోలమ్మ బస్తా మూతి విప్పి, గుప్పెడు గింజలు తీసి వాసన చూసి, పొయ్యి వెలిగించడానికి లోపలికి వెళ్ళింది. కొండుభట్టు మజ్జిగ తాగి చెంబు అరుగు మీద పెట్టాడు. మర్నాడు పొద్దున్నే, సోమయాజి కంటే ముందే, ధర్మచావడికి వెళ్ళి తలుపులు తీశాడు. మెట్ల మీద అప్పటికే జనం ఉన్నారు.